కొండ దిగే విద్య

శృంగవరపుకోట దాటి అరకు వైపు సాగే రోడ్డు బొడ్డవర సమీపాన మైదానాన్ని విడిచి తూర్పు కనుమలలో ప్రవేశిస్తుంది. అక్కడినుండి ప్రయాణికుని దృష్టి అంతా ఎక్కడం మీదనే ఉంటుంది. ఏ మలుపు దగ్గర గేరు మార్చవలసి ఉన్నదో, ఇంజను ఎంత శ్రమపడుతున్నదో, ఎదురుగా వచ్చే బస్సుకు ఎక్కడ దారి ఇవ్వాలో అన్న ఆలోచనలతోనే టైడా, డముకు, అనంతగిరి గడచిపోతాయి. ఇరుప్రక్కలా మిరియపు తీగలు అల్లుకున్న చెట్లు, వాటి నీడన కాఫీ మొక్కలు, గాలికొండ దగ్గర మీదికి వచ్చి క్రమ్ముకునే మంచు, ఇవన్నీ చూచి అరకు చేరిన తరువాత, కారు బాగా లాగిందని యజమాని సంతోషిస్తాడు. తిరుగు ప్రయాణంలో బండి దానంతటదే పోతుంది గనుక అందులో నేర్చుకోవలసినదేమీ లేదని తలుస్తాడు.

వాస్తవం ఇందుకు విరుద్ధంగా ఉన్నది. ఎక్కేటప్పుడు పొరపాటు చేస్తే బండి ఆగిపోతుంది. దిగేటప్పుడు పొరపాటు చేస్తే బండి ఆగదు. 2021 ఫిబ్రవరి 12వ తేదీ సాయంకాలం, అరకు చూచి తిరిగి వస్తున్న హైదరాబాదు యాత్రికుల బస్సు డముకు సమీపాన లోయలో పడి నలుగురు మరణించారు. ఆ ప్రమాదానికి కారణాలను నిర్ణయించడం ఈ వ్యాసం పని కాదు. కాని ఆ మలుపుల గుండా కారు దింపే ప్రతి వ్యక్తీ ఆ సాయంకాలాన్ని ఒక్కసారి స్మరించడం మంచిది. ఇప్పుడు కొత్త కార్లు వచ్చాయి. వాటి యంత్రాంగం మారింది. వాటిని దింపే పద్ధతి కూడా మారవలసి ఉన్నది. పాత అలవాటును కొత్త బండిలోనికి యథాతథంగా తెచ్చుకున్నవారు లాభం అనుకుని నష్టాన్ని, సుఖం అనుకుని ప్రమాదాన్ని తెచ్చుకుంటున్నారు.

ఆ పాత అలవాటు ఏమిటో అందరూ ఎరిగినదే. దిగుడు రాగానే గేరును న్యూట్రల్లోనికి త్రోసి, బండిని దానంతట దొర్లనివ్వడం. కొందరు మరి ఒక అడుగు ముందుకు వేసి ఇంజనును కూడా ఆపివేసేవారు. "ఊరకనే పోయే బండికి పెట్రోలు ఎందుకు తగలేయాలి?" అన్నది వారి వాదం. పొదుపు ఒక గుణంగా పెరిగిన తరానికి ఈ వాదం సహజంగానే రుచించింది. అది కేవలం మూఢనమ్మకం అని కొట్టివేయడం కూడా న్యాయం కాదు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని వంటి కార్లలో పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పని కార్బురేటరుది. యాక్సిలరేటరు మీదనుండి కాలు తీసినా, ఇంజను తిరుగుతున్నంతకాలం అది కొంత పెట్రోలును పీల్చుకుంటూనే ఉండేది. గేరులో ఉన్న ఇంజను చక్రాలతోపాటు వేగంగా తిరుగుతుంది గనుక ఎక్కువ పీల్చేది. న్యూట్రల్లో నెమ్మదిగా తిరుగుతుంది గనుక తక్కువ పీల్చేది. కాబట్టి ఆనాటి బండిలో ఆ పొదుపు నిజమే. ఐతే అది ఎంత? చిన్న కారు ఇంజను ఊరక తిరగడానికి గంటకు ఖర్చయ్యేది సుమారుగా లీటరు లోపే. ఘాటు దిగడానికి పట్టే గంట కాలంలో మిగిలే పెట్రోలు ఒకటి రెండు గ్లాసులకు మించదు. దాని కొరకు చోదకుడు ఒడ్డుతున్నది మాత్రం కారులోని వారందరి ప్రాణాలను.

2000 సంవత్సరం ప్రాంతాల నుండి మన దేశంలో కార్బురేటరు స్థానాన్ని ఇంధన ఇంజెక్షను పద్ధతి ఆక్రమించింది. ఇందులో ఎంత పెట్రోలు చిమ్మవలెనో ఒక చిన్న ఎలక్ట్రానిక్ యంత్రం క్షణక్షణం లెక్క కడుతుంది. బండి గేరులో ఉండి, యాక్సిలరేటరు మీద కాలు లేకుండా, చక్రాలే ఇంజనును త్రిప్పుతున్నప్పుడు ఆ యంత్రం పెట్రోలును పూర్తిగా కట్టివేస్తుంది. అప్పుడు ఇంజను ఒక్క చుక్కయినా త్రాగకుండా తిరుగుతుంది. ఇంజను వేగం బాగా తగ్గి ఆగిపోయే స్థితి వచ్చినప్పుడు మాత్రమే మళ్ళీ చిమ్మడం మొదలుపెడుతుంది. అదే బండిని న్యూట్రల్లోనికి త్రోస్తే చక్రాలకు ఇంజనుకు సంబంధం తెగిపోతుంది. అప్పుడు ఇంజను తనంతట తాను తిరగాలి గనుక దానికి పెట్రోలు అందించక తప్పదు. అంటే వాలు దిగేటప్పుడు గేరులో ఉన్న కొత్త కారు ఏమీ త్రాగదు. న్యూట్రల్లో ఉన్న కొత్త కారు త్రాగుతుంది. తాతలనాటి లెక్క ఇక్కడ తలక్రిందులైనది.

ఇందులో ఒక్క మినహాయింపు ఉన్నది. దాదాపు సమతలంగా ఉండే రహదారిమీద, బ్రేకు అవసరమే రాని సన్నని వాలులో, ఇంజను నిరోధం లేకుండా దొర్లే బండి మరికొంత దూరం పోతుంది. అందుచేతనే కొన్ని కొత్త కార్లను, అటువంటి రహదారిమీద తమంతట తామే ఇంజనును చక్రాలనుండి విడదీసి, అవసరం కాగానే తిరిగి కలుపుకునే విధంగా నిర్మిస్తున్నారు. ఈ ఏర్పాటు మైదానానికి ఉద్దేశించినది. అరకు ఘాటులో వంద గజాలకొక మలుపు, మలుపు మలుపుకూ వేగం తగ్గించవలసిన అవసరం. ఒక ప్రక్క బండిని విడిచిపెట్టి, మరొక ప్రక్క బ్రేకు నొక్కుతూ పోవడం పొదుపు ఎట్లా అవుతుంది?

బండిని గేరులో ఉంచడం, విడిచివేయడం అన్న భేదం బోధపడాలంటే సైకిలును చూస్తే చాలు. బడికి సైకిలు మీద వెళ్ళే ప్రతి విద్యార్థికీ వెనుక చక్రంలోని ఫ్రీవీలు తెలుసు. కాళ్ళు కదపకపోయినా సైకిలు పోతూనే ఉంటుంది. టిక్ టిక్ మని చప్పుడు వస్తూ ఉంటుంది. ఫ్రీవీలు లేని తొలినాటి సైకిళ్ళలో చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగవలసిందే. వాటిమీద వాలు దిగే మనిషి తన కాళ్ళతో పెడలును ఎదిరించి వేగాన్ని నిగ్రహించగలిగేవాడు. గేరులో ఉన్న కారు ఆ రెండవ రకం సైకిలు వంటిది. న్యూట్రల్లో ఉన్న కారు ఫ్రీవీలు సైకిలు వంటిది. స్వీడను దేశంలో సాబ్ సంస్థ ఒకప్పుడు తన చిన్న కార్లలో ఇటువంటి ఫ్రీవీలునే అమర్చింది. ఆ కార్లకు రెండు స్ట్రోకుల ఇంజన్లు ఉండేవి. వాటిలో కందెన నూనె పెట్రోలుతో కలిసియే ఇంజనులోనికి పోతుంది. కాలు తీసి దీర్ఘకాలం వాలు దిగితే పెట్రోలుతోపాటు నూనె కూడా తగ్గిపోయి ఇంజను అరిగిపోతుందని వారు ఆ ఏర్పాటు చేశారు. కావలసినప్పుడు ఆ ఫ్రీవీలును బిగించివేసే సౌకర్యమూ ఉంచారు. విడిచిపెట్టే సౌకర్యాన్ని ఇచ్చినవారే పట్టి ఉంచే సౌకర్యాన్ని కూడా ఇచ్చారన్న విషయం గమనింపదగినది.

కొండమీద ఉన్న వస్తువులో దాగియున్న శక్తి ఎంత? ఇది తొమ్మిదవ తరగతి భౌతిక శాస్త్ర పాఠమే. 1,500 కిలోల బరువు గల కారు 1,000 మీటర్ల ఎత్తునుండి దిగుతున్నదనుకుంటే, ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోను ఎత్తుతోను గుణించగా వచ్చేది 147 లక్షల జౌళ్ళు. ఇంటి కరెంటు బిల్లులోని భాషలో చెప్పాలంటే సుమారు 4 యూనిట్లు. అది పెద్ద సంఖ్యగా కనిపించకపోవచ్చును. కాని ఆ శక్తితో 50 లీటర్ల చన్నీళ్ళను మరిగే స్థితికి తేవచ్చును. టైర్ల రాపిడి, గాలి నిరోధం అందులో కొంత భాగాన్ని హరిస్తాయి. మిగిలిన దానిని ఎవరో ఒకరు భరించాలి. గేరులో ఉంటే ఇంజను భరిస్తుంది. న్యూట్రల్లో ఉంటే ఆ భారమంతా నాలుగు బ్రేకుల మీద పడుతుంది.

బ్రేకు చేసే పని రాపిడి ద్వారా వేగాన్ని వేడిగా మార్చడమే. ఎడతెగక నొక్కితే ఇనుప పళ్ళెము కాలిపోతుంది. దానిని ఒరుసుకునే ప్యాడ్లు పట్టు కోల్పోతాయి. వేడి ఇంకా పెరిగితే బ్రేకు గొట్టాలలోని ద్రవం మరిగి బుడగలు పుడతాయి. ద్రవాన్ని అదిమితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది. బుడగను అదిమితే అది నలిగి ఊరుకుంటుంది. అప్పుడు పెడలు మెత్తగా అడుగంటిపోతుంది, బండి మాత్రం ఆగదు. ఇంజనును కూడా ఆపివేసిన ప్రబుద్ధునికి మరొక కష్టం ఉన్నది. కాలి ఒత్తిడిని హెచ్చించి బ్రేకుకు అందించే సాధనం సామాన్యంగా ఇంజను మీదనే ఆధారపడి పనిచేస్తుంది. ఇంజను ఆగితే రెండు మూడు నొక్కులవరకే దాని సహాయం. ఆ తరువాత పెడలు రాయివలె బిగుసుకుంటుంది. స్టీరింగూ బరువెక్కుతుంది. తాళం చెవి పూర్తిగా త్రిప్పినవాడి స్టీరింగు తాళం పడిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

ఈ సంగతులన్నీ కొండదారుల లారీ చోదకులకు చిరకాలంగా తెలుసు. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలన్నది వారి సూత్రం. మలుపులోనికి ప్రవేశించకముందే గేరు తగ్గిస్తారు, మలుపులో కాదు. బ్రేకును చాలాసేపు ఆనించి ఉంచరు. గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గించి, విడిచిపెడతారు. ఇనుము చల్లారడానికి వ్యవధి ఇస్తారు. వాలుమీద ఒకసారి న్యూట్రల్లో పడి వేగం హెచ్చిన బండిని మళ్ళీ చిన్న గేరులోనికి తేవడం దుస్సాధ్యమని వారికి తెలుసు. గేరు మార్పిడి అవసరం లేని ఆటోమేటిక్ కార్లలో కూడా ఈ సూత్రం రద్దు కాలేదు. వాటి గేరు పిడి ప్రక్కన ఎల్ అనో, ఎస్ అనో, ఎం అనో, లేక ఒకటి రెండు అంకెలో ఉంటాయి. చాలామంది యజమానులు కారు కొన్న నాటినుండి వాటిని ముట్టుకొని ఎరుగరు. అవి ఉన్నది ఇటువంటి దిగుడు దారుల కొరకే.

ఇక విద్యుత్ కారు సంగతి. అందులో ఇంజను లేదు, గేర్ల వరుస లేదు. దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది ఏది? దీనికి సమాధానం అదే లోయలో, రోడ్డుకు ఎంతో దూరం కాకుండా పోతున్న రైలు మార్గం ఇస్తుంది. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చే కొత్తవలస, కిరండోల్ మార్గాన్ని 1960 దశకంలో జపాను సహకారంతో నిర్మించారు. దాని పొడవు సుమారు 445 కిలోమీటర్లు, సొరంగాలు 58. అరకు ప్రక్కనున్న శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి ఖనిజపు రైలు కరకవలస, బొర్రా గుహలు, చిమిడిపల్లి, టైడా, శివలింగపురం మీదుగా మైదానానికి దిగాలి. నిండు బరువుతో ఉన్న రైలు దిగడమే ఈ మార్గపు ముఖ్య సమస్య. నాలుగు వేల టన్నుల రైలు తొమ్మిది వందల మీటర్లు దిగుతున్నదనుకుంటే, పై లెక్క ప్రకారం అందులో దాగియున్న శక్తి సుమారు 9,800 యూనిట్లు. దానిని కేవలం చక్రాలను అదిమే బ్రేకులకు అప్పగించడం జరగని పని.

ఈ మార్గం 1980 దశకపు తొలినాళ్ళకు విద్యుదీకరణమైనది. విద్యుత్ రైలింజనులోని మోటారుకు ఒక విశేష గుణం ఉన్నది. దానికి విద్యుత్తు ఇస్తే చక్రాన్ని త్రిప్పుతుంది. చక్రమే దానిని త్రిప్పితే విద్యుత్తు పుట్టించి, ఆ ప్రయత్నంలో చక్రాన్ని వెనుకకు పట్టుతుంది. పూర్వపు ఇంజన్లు ఇట్లా పుట్టిన విద్యుత్తును తమలోని నిరోధక తీగలలో కాల్చివేసేవి. ఇటీవలి మూడు ఫేజుల ఇంజన్లు దానిని పైనున్న తీగలోనికే తిరిగి పంపగలవు. ఆ విద్యుత్తు అదే తీగ క్రింద ఎక్కుతున్న మరొక రైలుకు ఉపకరించవచ్చును.

విద్యుత్ కారులో జరుగుతున్నది కూడా ఇదే. యాక్సిలరేటరు మీదనుండి కాలు తీయగానే మోటారు డైనమోగా మారి బ్యాటరీని నింపుతూ బండిని పట్టి ఉంచుతుంది. పై ఉదాహరణలోని కారు ముప్పయి కిలోమీటర్ల దూరంలో వెయ్యి మీటర్లు దిగితే, నాలుగు యూనిట్లలో ఒకటిన్నర వరకు టైర్లకు, గాలికి పోయినా, యంత్రపు నష్టాలు తీసివేసినా, రెండు యూనిట్లకు కొంచెం తక్కువగా బ్యాటరీకి తిరిగి రావచ్చును. మైదానంలో అది పది పన్నెండు కిలోమీటర్ల ప్రయాణానికి సరిపోతుంది. పాత కారు కొండ ఎక్కడానికి కాల్చిన పెట్రోలులో ఒక్క చుక్కయినా దిగుటలో తిరిగి ఇవ్వలేకపోయేది.

ఐతే ఈ వరాన్ని అందుకోవడానికి చోదకుని కాలు కొత్త నడక నేర్వవలసి ఉన్నది. పాతికేళ్ళు పాత కారు నడిపిన ఒక ఉపాధ్యాయుడు విద్యుత్ కారు కొని, లారీ నడిపి విశ్రాంతి తీసుకుంటున్న తన పెదనాన్నను వెంటబెట్టుకొని అరకునుండి దిగుతున్నాడనుకుందాం. మొదటి మలుపులో ఆయన అలవాటు చొప్పున కాలు ఒక్కసారిగా ఎత్తివేస్తాడు. కారు ఎవరో వెనుకనుండి పట్టుకున్నట్లు గుంజుకుంటుంది. వెనుక సీటులోని పిల్లల తలలు ముందుకు వాలుతాయి. రెండు మూడు మలుపులలో కడుపులో త్రిప్పు మొదలవుతుంది. ఆయన విసిగి ఆ ఏర్పాటును అన్నిటికంటె తక్కువ స్థాయికి తగ్గిస్తాడు. ఇప్పుడు బండి హాయిగా జారుతున్నది; బ్రేకుమీద కాలు మాత్రం ఎత్తడానికి వీలు లేకుండా ఉన్నది. అప్పుడు పెద్దాయన నెమ్మదిగా, "అది మా లారీలో చిన్న గేరు లాంటిదిరా నాయనా, తీసెయ్యకు. కాలు లేపడం నేర్చుకో" అంటాడు.

ఆ మాటలో కొత్త విద్య అంతా ఉన్నది. కాలును ఎత్తివేయడం కాదు, కొంచెం కొంచెంగా సడలించడం. మలుపు కనిపించినప్పుడు కాదు, దానికి చాలా ముందుగానే. వీణ మీది వ్రేలు తంతిని ఎంత నొక్కితే అంత స్వరం పలికినట్లు, పాదం ఎంత సడలితే అంత నిరోధం పుడుతుంది. పది మలుపులు గడిచేసరికి ఆయన కాలికి ఈ రహస్యం పట్టుబడుతుంది. పిల్లలు తలలు నిలిపి కిటికీలోనుండి లోయను చూస్తారు.

ఇంకొక జాగ్రత్త ఉన్నది. అరకులో రాత్రి బస చేసి బ్యాటరీని నిండుగా నింపుకొని ప్రొద్దున్నే దిగడం మొదలుపెట్టిన కారుకు, పుట్టిన విద్యుత్తును దాచుకోవడానికి చోటు ఉండదు. నిండిన కుండలో నీళ్ళు పోయలేము గదా! అప్పుడు మోటారు పట్టు చాలావరకు తగ్గిపోతుంది. నిన్నటివరకు కాలు ఎత్తగానే నెమ్మదించిన బండి నేడు జారిపోతూ ఉంటే చోదకుడు కలవరపడతాడు. కొండమీద బ్యాటరీని అయిదవ వంతు ఖాళీగా ఉంచుకొని బయలుదేరడం వివేకం. వానకాలంలో తడిసిన రోడ్డుమీద ఈ పట్టును ఒక్కసారిగా ప్రయోగించరాదు. ఎందుకంటే అది సాధారణంగా మోటారు త్రిప్పే చక్రాల మీదనే పనిచేస్తుంది; అవి జారే అవకాశం ఉన్నది. అన్నిటికంటె ముఖ్యంగా, మోటారు పట్టు బ్రేకుకు తోడే గాని బదులు కాదు. అవసరం వచ్చినప్పుడు పాదం సంకోచం లేకుండా బ్రేకుమీదికి పోవాలి.

ఈ దారి కార్లవారిది మాత్రమే కాదు. సంతరోజున కొండదొరలు, భగతలు, వాల్మీకులు, పోర్జలు, కోటియాలు అల్లం, పసుపు, చింతపండు మూటలతో ఈ రోడ్డు అంచునే నడుస్తారు. పశువులు మలుపు చాటునుండి హఠాత్తుగా ప్రత్యక్షమవుతాయి. వీరికి పూర్వం బండి రాకను తెలిపినది ఇంజను మ్రోత. న్యూట్రల్లో దొర్లే బండికి, విద్యుత్ బండికి ఆ మ్రోత ఉండదు. చప్పుడు లేని బండి చోదకుని కళ్ళు రెట్టింపు మెలకువతో ఉండాలి. ప్రతి చాటు మలుపు ముందు హారను మ్రోగాలి. ఎదురుగా ఎక్కే బండికి ఇరుకుచోట దిగే బండియే దారి ఇవ్వాలని మన దేశపు రోడ్డు నిబంధనలు విధించాయి. దారి ఇవ్వాలంటే ఆగగలగాలి. ఆగగలగాలంటే బండి తన పట్టులో ఉండాలి.

తలమీద మూటతో కొండ దిగే స్త్రీని గమనించినవారికి ఈ పాఠం పుస్తకం లేకుండానే బోధపడుతుంది. ఆమె ఎక్కేటప్పటికంటె దిగేటప్పుడు చిన్న అడుగులు వేస్తుంది. మోకాళ్ళు కొంచెం వంచి, ప్రతి అడుగులోను బరువును తానే పట్టి నేలకు అప్పగిస్తుంది. వాలు తనను ఈడ్చుకొని పోవడానికి ఒక్క క్షణమైనా అవకాశం ఇవ్వదు.

శృంగవరపుకోట చేరి టీ కొరకు కారు ఆపిన ఉపాధ్యాయుడు తన ప్రయాణానికి తానే మార్కులు వేసుకోవచ్చును. చక్రాన్ని ముట్టుకోనక్కరలేదు, దగ్గరగా వంగి నిలిస్తే చాలు. మాడు వాసన, సెగ వస్తే కొండ దిగిన భారమంతా బ్రేకులు మోశాయన్నమాట. చక్రాలు చల్లగా ఉండి, బ్యాటరీ అంకె అనంతగిరిలో చూచినదానికంటె ఒకటి రెండు హెచ్చి ఉంటే, ఆయన ఉత్తీర్ణుడైనట్లే. మరునాడు తరగతిలో శక్తి నిత్యత్వ నియమం చెప్పేటప్పుడు ఆయనకు వేరే ఉదాహరణ వెదుక్కోవలసిన పని ఉండదు.